దెబ్బ తగిలితే టీటీ వేయించుకోవాలా? మీ డోసుల లెక్క మీరే చూసుకోవడం ఎలా

"మేకు గుచ్చుకుంది, టీటీ వేయించుకోవాలా?" "పోయిన ఏడాదే వేయించుకున్నాను, మళ్లీ కావాలా?" "24 గంటలు దాటిపోయింది, ఇప్పుడు వేయించుకున్నా ఉపయోగం ఉంటుందా?" అందరూ నన్ను తిప్పి తిప్పి అడిగేది ఈ మూడే. మూడింటికీ జవాబు చెప్పాలంటే నేను ఎదురు అడగాల్సింది ఒకటే: పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా మీరు మొత్తం ఎన్ని డోసులు తీసుకున్నారు, చివరిది ఎప్పుడు? చాలామందికి ఇది తెలియదు. దెబ్బ తగిలిన కంగారులో గుర్తు తెచ్చుకోవడం ఇంకా కష్టం. అందుకే ఏ దెబ్బా లేనప్పుడే ఇది చదివి మీ లెక్క తేల్చుకోండి.

టీటీ అంటే ధనుర్వాతం (టెటనస్) రాకుండా వేసే టీకా. సిద్ధాంతం కొంచెమే చెబుతాను. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటని అనే బాక్టీరియా విత్తనాల్లాంటి స్పోర్ల రూపంలో మట్టిలో, దుమ్ములో, పశువుల పేడలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. గాలి ఆడని లోతైన గాయంలో పడితే అది మొలకెత్తి విషం తయారుచేస్తుంది. ఆ విషం నరాల వెంట వెన్నుపాము దాకా వెళ్లి, కండరాలను వదులు చేసే సంకేతాలను అడ్డుకుంటుంది. ఇక బిగిసిన కండరం బిగిసినట్టే ఉంటుంది, ముదిరితే వీపు విల్లులా వంగిపోతుంది, ధనుర్వాతం అన్న పేరు అందుకే. టీకా చేసే పని ఈ విషాన్ని విరిచే శక్తిని శరీరంలో ముందే తయారుచేసి పెట్టడం. "ముందే" అన్న మాట గుర్తుంచుకోండి, కింద చెప్పేదంతా దాని మీదే నడుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టీకా కార్డు, లేదా పాత ఆసుపత్రి చీటీలు, గర్భం సమయంలో ఇచ్చిన కార్డు, ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షల కాగితాలు. ఏది దొరికితే అది.
- సబ్బు, ధారగా వచ్చే శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన గుడ్డ లేదా కట్టు కట్టే గాజ్ గుడ్డ.
- తారీఖులు రాసుకోవడానికి ఒక కాగితం, దాన్ని ఫొటో తీసి పెట్టుకోవడానికి ఫోన్.

1. ముందు గాయం కడగండి

ఇంజెక్షన్ గురించి ఆలోచించే ముందే ఇది చేయాలి. రక్తం బాగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. రక్తం ఆగాక ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడగండి, పైపైన తుడిచి వదిలేయకుండా మట్టి, ఇసుక, చెక్క పేళ్లు కనిపించకుండా పోయేదాకా కడగండి. లోతుగా దిగబడిన వస్తువుని మాత్రం మీరే లాగొద్దు, అలాగే కదలకుండా ఉంచి ఆసుపత్రికి వెళ్లండి. చచ్చిన కండ, నలిగిన చర్మం గాయంలో మిగిలిపోతే ఈ బాక్టీరియాకు అదే కావాల్సిన చోటు, దాన్ని తీసి శుభ్రం చేయడం డాక్టర్ పని.

హెచ్చరిక: స్పిరిట్ రాశాం కదా, ఇక ఏమీ కాదు అనుకోకండి. మామూలు యాంటీసెప్టిక్‌లకు స్పోర్లు చావవు, నీళ్లు మరగబెట్టినా వాటికి గ్యారంటీగా ఏమీ కాదు. ఆసుపత్రుల్లో పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో పెట్టేది ఇలాంటి మొండి స్పోర్ల కోసమే. అలాగే గాయం మీద బూడిద, మట్టి, పేడ లాంటివి పెట్టడం అంటే ఆ స్పోర్లను మన చేత్తో మనమే లోపల పెట్టడం.

2. మీ డోసుల లెక్క తీయండి

అసలు పని ఇదే, కొంచెం ఓపిక పట్టండి.

చిన్నప్పుడు వేసిన డీపీటీలోని "టీ" ధనుర్వాతం టీకాయే, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లోనూ అది ఉంటుంది. చాలామంది "నేను టీటీ ఎప్పుడూ వేయించుకోలేదు" అంటారు, కార్డు తీసి చూస్తే పసితనంలోనే మూడు డోసులు పడి ఉంటాయి. కాబట్టి డీపీటీ, పెంటావాలెంట్, డీటీ, టీటీ, టీడీ, టీడాప్ ఏ పేరుతో ఉన్నా అన్నీ కలిపి లెక్క పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పూర్తి లెక్క ఆరు డోసులు. మొదటి మూడు శైశవంలో, ఆరు వారాల వయసు నుంచి మొదలుపెట్టి కనీసం నాలుగేసి వారాల తేడాతో. తర్వాత మూడు బూస్టర్లు: 12 నుంచి 23 నెలల మధ్య ఒకటి, 4 నుంచి 7 ఏళ్ల మధ్య ఒకటి, 9 నుంచి 15 ఏళ్ల మధ్య ఒకటి. దేశాన్ని బట్టి నెలలు అటూ ఇటూ మారతాయి, పెద్దయ్యాక పదేళ్లకోసారి బూస్టర్ వేసే దేశాలూ ఉన్నాయి, మీరున్న చోటి పట్టికనే అనుసరించండి.

కాగితం మీద మూడు ముక్కలు రాయండి: మొత్తం డోసులు, చివరి డోసు నెల, సంవత్సరం, ఆ సమాచారం ఎక్కడ దొరికింది. కార్డు చూసి రాసిందైతే దాన్ని నమ్మొచ్చు. "అమ్మ వేయించే ఉంటుంది" అనేది లెక్కలోకి రాదు. ఆధారం లేకపోతే "తెలియదు" అని రాయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, డాక్టర్లు కూడా తెలియని డోసుని వేయని డోసుగానే చూస్తారు.

రెండు డోసులు తీసుకుని ఏళ్ల తరబడి ఆగిపోయారా? మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగించవచ్చు. ఈ సంగతి తెలియకే చాలామంది "ఇప్పుడు ఎవరు మొదలుపెడతారు" అని వదిలేస్తున్నారు.

3. గాయం ఏ రకమో చూడండి

ఇక్కడ రెండే రకాలు. పైపైన తెగిన, శుభ్రంగా ఉన్న చిన్న గాయం ఒకటి, మిగతావన్నీ ఇంకొకటి. ఆ "మిగతావన్నీ"లోకి ఏమేం వస్తాయంటే: మట్టి, పేడ, లాలాజలం అంటిన గాయాలు, మేకు, ముల్లు, సూది లాంటివి లోతుగా గుచ్చుకున్నవి, కండ నలిగినవి, చర్మం ఊడివచ్చినవి, కాలిన గాయాలు, జంతువులు కరిచినవి.

తుప్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. తుప్పు పట్టిన మేకు ఆరుబయట మట్టిలో పడి ఉంటుంది కాబట్టి దానికి స్పోర్లు అంటుకుని ఉండే అవకాశం ఎక్కువ, పైగా అది చేసే గాయం సన్నగా, లోతుగా, గాలి ఆడకుండా ఉంటుంది. ధగధగ మెరిసే కొత్త మేకు మట్టిలోంచి గుచ్చుకున్నా ప్రమాదం అంతే. పైకి చుక్కంత కనిపించే గాయాన్నే జనం వదిలేస్తారు, నాకు ఎక్కువ భయం దాంతోనే.

4. ఇప్పుడు నిర్ణయం

మీ కాగితం ముందు పెట్టుకుని చూడండి:

- మూడు లేదా అంతకంటే ఎక్కువ డోసులు, చివరిది 5 ఏళ్ల లోపు: ఏ గాయమైనా ఇంజెక్షన్ అక్కర్లేదు.
- మూడు లేదా ఎక్కువ, చివరిది 5 నుంచి 10 ఏళ్ల మధ్య: శుభ్రమైన చిన్న గాయానికి అక్కర్లేదు, రెండో రకం గాయానికి ఒక డోసు.
- మూడు లేదా ఎక్కువ, చివరిది 10 ఏళ్లు దాటింది: ఏ గాయమైనా ఒక డోసు.
- మూడు కంటే తక్కువ, లేదా తెలియదు: ఏ గాయమైనా డోసు కావాలి, రెండో రకం గాయమైతే దాంతోపాటు కింద చెప్పే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి.

చాలా దేశాల్లో పాటించే పద్ధతి ఇది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం దీన్ని బట్టి సొంతంగా తేల్చుకోవద్దు. డోసులన్నీ పూర్తయినా రెండో రకం గాయానికి వాళ్లకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ అవసరం పడవచ్చు, ఆ విషయం డాక్టర్‌కు ముందే చెప్పండి.

5. డోసులు లేనివాళ్లకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎందుకు

ఎప్పుడూ టీకా పడని మనిషికి దెబ్బ తగిలాక వేసే మొదటి డోసు ఆ దెబ్బ నుంచి కాపాడలేదు, శరీరం దాన్ని నేర్చుకుని విరుగుడు తయారుచేసేసరికి వారాలు పడుతుంది. ముందే మూడు డోసులు పడ్డవాళ్లకు బూస్టర్ వేస్తే శరీరానికి పాత పాఠం గుర్తొచ్చి రోజుల్లోనే స్పందిస్తుంది. ఎప్పుడూ టీకా పడని మనిషికి ఆ వారాల ఖాళీని నింపడానికి తయారుగా ఉన్న విరుగుడునే ఎక్కిస్తారు, అదే టెటనస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్. మామూలు మోతాదు 250 యూనిట్లు, టీకా ఒక చేతికి వేస్తే ఇది వేరే చోట వేస్తారు. దీని రక్షణ కొన్ని వారాలే, కాబట్టి ఇది వేశారని టీకా మానేయకూడదు.

ఇది దొరకని చోట గుర్రం రక్తం నుంచి తీసిన పాత రకం యాంటీటాక్సిన్ వాడతారు. దానికి తీవ్రమైన ఎలర్జీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి ముందు పరీక్షించి వేయాలి, అన్ని ఏర్పాట్లూ ఉన్న చోటే వేయించుకోండి.

6. వేయించుకునేటప్పుడు చూసుకోవాల్సినవి

మోతాదు అర మిల్లీలీటరు, పెద్దవాళ్లకు భుజం కండరానికి వేస్తారు. సిరంజి మీ కళ్ల ముందే ప్యాకెట్ విప్పినది కావాలి. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పాడైపోతుంది. ఫ్రీజర్‌లోంచి తీస్తే వద్దని చెప్పండి, ఎక్కడ పెట్టారని అడగడానికి మొహమాటపడొద్దు.

టీటీ అడిగితే టీడీ ఇస్తామన్నారా? తీసుకోండి. అందులో ధనుర్వాతంతోపాటు డిఫ్తీరియాకూ కొంచెం రక్షణ కలిసి ఉంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా టీటీ బదులు టీడీనే వాడమంటోంది. ఏడేళ్ల లోపు పిల్లలకు వాళ్ల వయసుకు తగిన డీపీటీ రకం వేరే ఉంది.

ఇంతకుముందు ఇదే టీకాకు ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు లాంటి తీవ్రమైన ఎలర్జీ వచ్చి ఉంటే వేయించుకునే ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా వేయించుకోవచ్చు.

వేసిన చోట నొప్పి, కొంచెం వాపు, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. భుజం నుంచి మోచేతి దాకా వాచిపోతే అది అవసరానికి మించి డోసులు పడ్డవాళ్లలో వచ్చే ప్రతిచర్య అయ్యుండవచ్చు, డాక్టర్‌కు చూపించండి.

7. మిగిలిన డోసులకు తారీఖులు పెట్టుకోండి

జనం తప్పేది ఇక్కడే. దెబ్బ తగిలిన రోజు ఒక డోసు వేయించుకుంటారు, గాయం మానిపోతుంది, రెండోది మర్చిపోతారు, మళ్లీ దెబ్బ తగిలినప్పుడు మళ్లీ "మొదటి డోసు". ఇలా జీవితమంతా మొదటి మెట్టు మీదే నిలబడినవాళ్లు ఉన్నారు. ఎప్పుడూ వేయించుకోని పెద్దవాళ్లకు మొదటిది ఈరోజైతే, రెండోది కనీసం 4 వారాల తర్వాత, మూడోది ఆ తర్వాత 6 నుంచి 12 నెలలకు. రెండు తారీఖులూ అక్కడే కూర్చుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

గర్భిణి ఇంట్లో ఉంటే

తల్లిలో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది, పుట్టిన మొదటి వారాల్లో బిడ్డకు ఉండే కాపు అదొక్కటే. ఎప్పుడూ టీకా పడని గర్భిణికి వీలైనంత తొందరగా ఒకటి, 4 వారాల తర్వాత రెండోది పడాలి, రెండోది కాన్పుకు కనీసం 2 వారాల ముందే పూర్తవ్వాలి. ముందు డోసులు పడి ఉంటే లెక్క మారుతుంది, పాత కార్డు తప్పకుండా తీసుకెళ్లండి. కాన్పు చేసే చేతులు, పరిచిన గుడ్డ, బొడ్డు కోసే బ్లేడు, కట్టే దారం శుభ్రంగా ఉండాలి. బొడ్డు మీద ఇంట్లో ఉన్నవేవీ రాయొద్దు.

1988లో నవజాత శిశువుల ధనుర్వాతంతో 7,87,000 మంది పసికందులు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 2018 నాటికి ఆ అంచనా 25,000కు దిగింది. తల్లులకు టీకా, శుభ్రమైన కాన్పు, ఈ రెండూ కలిసి చేసిన పని ఇది. ప్రతి జిల్లాలోనూ 1000 సజీవ జననాలకు ఒక కేసు కంటే తక్కువ ఉంటేనే ఆ దేశంలో ఈ వ్యాధి నిర్మూలన అయిందని ప్రకటిస్తారు, భారతదేశానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. స్పోర్లు మాత్రం మట్టిలో అలాగే ఉన్నాయి, టీకా ఆపితే వ్యాధి తిరిగి వస్తుంది.

ఎవరికి ఎక్కువ వస్తోంది, మీ ఇంట్లో ఎవరిని ముందు చూడాలి

టీకాలు సరిగా అందని చోట్ల పసికందులు, తల్లులు. టీకాలు బాగా అందుతున్న చోట్ల వయసు పైబడినవాళ్లు, ఎందుకంటే వాళ్ల చిన్నప్పుడు డోసులు పడి ఉండకపోవచ్చు, పడినా కాలంతోపాటు రక్షణ తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి పిల్లల కార్డు చూశాక అమ్మమ్మ, తాతయ్యల లెక్క కూడా తీయండి. షుగర్ వల్ల కాలికి మానని పుండ్లు ఉన్నవాళ్లు, మట్టి పని, పశువుల పని చేసేవాళ్లు తర్వాత. కొందరు రోగుల్లో ఎక్కడ దెబ్బ తగిలిందో కూడా తెలియదు, అలాంటివాళ్లను దెబ్బ తర్వాతి ఇంజెక్షన్ ఎలా కాపాడుతుంది చెప్పండి?

విపత్తుల తర్వాత కేసులు ఒక్కసారిగా పెరుగుతాయి. 2004 డిసెంబర్ సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచే ప్రాంతంలో 106 మందికి ధనుర్వాతం వచ్చింది, 20 మంది చనిపోయారు. అదే రెండో ప్రపంచ యుద్ధంలో ముందే టీకాలు వేసి పంపిన అమెరికా సైన్యంలో, గాయాలతో ఆసుపత్రి చేరికలు 27 లక్షలు దాటినా, ధనుర్వాతం వచ్చింది 12 మందికే. సహాయక పనులకు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే లెక్క చూసుకోండి, గట్టి బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి.

ఇంకో మాట. చుట్టుపక్కల అందరూ తట్టు టీకా వేయించుకుంటే వేయించుకోని పిల్లవాడికీ కొంత కాపు దొరుకుతుంది. ధనుర్వాతంలో అది లేదు. ఇది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు, మట్టి నుంచి వస్తుంది. ఊరంతా వేయించుకున్నా మీరు వేయించుకోకపోతే మీకు రక్షణ సున్నా.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"24 గంటలు దాటితే వేస్ట్." కాదు. తొందరగా వేయించుకోవడమే మంచిది, కానీ ఆలస్యమైందని మానేయడం పెద్ద తప్పు. లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 21 రోజులు పడుతుంది, రెండో రోజు, మూడో రోజు గుర్తొచ్చినా వెళ్లండి.

"ఆరు నెలలకోసారి వేయించుకుంటూ ఉంటే మంచిది." దీనివల్ల రక్షణ పెరగదు, చెయ్యి వాపు పెరుగుతుంది. గీసుకున్న ప్రతిసారీ టెన్షన్ పడి పరిగెత్తేవాళ్లకు కావాల్సింది ఇంకో డోసు కాదు, పైన చెప్పిన కాగితం.

"టీటీ వేశారు, ఇక సెప్టిక్ అవ్వదు." టీటీకి చీము పట్టడానికి సంబంధం లేదు. గాయం ఎర్రబడి, వేడిగా, చీముతో ఉంటే దానికి వేరే వైద్యం కావాలి. "యాంటీబయాటిక్ వాడుతున్నాను కదా, టీటీ ఎందుకు" అనేదీ ఇలాంటి పొరపాటే.

"కుక్క కరిచింది, టీటీ వేశారు." అది చాలదు. రేబిస్ టీకా వేరు, అదే రోజు మొదలవ్వాలి. ఈ ఒక్క పొరపాటుతో ప్రాణాలు పోతాయి, దయచేసి రెండూ అడిగి వేయించుకోండి.

అంతా సరిగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

మామూలు మనిషికి రక్త పరీక్ష అక్కర్లేదు, కార్డు చాలు. డోసు పేరు, తారీఖు, తర్వాతి తారీఖు కార్డు మీద ఉన్నాయో లేదో అక్కడే చదవండి, లేకపోతే రాయించుకోండి, ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

గాయాన్ని రోజూ చూడండి, మూడు వారాల దాకా ఈ లక్షణాల మీద కన్నేసి ఉంచండి: నోరు పూర్తిగా తెరవలేకపోవడం, దవడ బిగిసినట్టుండటం, మింగడం కష్టమవడం, మెడ, పొట్ట కండరాలు గట్టిపడటం, చప్పుడుకో వెలుతురుకో ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుపోవడం. పసికందులైతే మొదటి రెండు రోజులు బాగా పాలు తాగి, మూడో రోజు నుంచి నెల లోపు ఎప్పుడైనా చీకలేకపోవడం, ఒళ్లు బిగుసుకోవడం. గాయం మానిపోయినా ఇవి రావచ్చు. ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇన్ని రోజుల క్రితం ఈ దెబ్బ తగిలిందని మొదటే చెప్పండి, దీన్ని నిర్ధారించే ల్యాబ్ పరీక్ష లేదు కాబట్టి డాక్టర్‌కు మీరు చెప్పే మాటే ఆధారం. దారిలో రోగికి బలవంతంగా నీళ్లు తాగించొద్దు, చప్పుళ్లు తగ్గించండి.

ధనుర్వాతం వచ్చి తగ్గినవాళ్లకు కూడా శరీరంలో రక్షణ రాదు. జబ్బు తెచ్చిన విషం మోతాదు శరీరానికి నేర్పేంత ఉండదు, అదే మనిషికి మళ్లీ రావచ్చు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టారో లేదో అడగండి, డిశ్చార్జ్ కాగితం మీద మిగతా డోసుల తారీఖులు రాయించుకునే బయల్దేరండి.